ఓడలో వియ్యంకుడి పొగ

వికారాబాద్ జిల్లా కలెక్టర్ గారి సముఖమునకు, సోమవారపు ప్రజావాణిలో సమర్పించుకొనుచున్న అర్జీ.

అర్జీదారుడు: నర్సప్ప, తండ్రి పేరు కీ.శే. జంగప్ప, రెవెన్యూ శాఖలో జూనియర్ అసిస్టెంటుగా పని చేసి రిటైరైనవాడు, నివాసం తాండూరు.

అయ్యా,

విషయం: మర్పల్లి మండలవాసియు, మాకు వియ్యంకుడును అయిన ఎల్లప్ప గారు, గర్భవతి అయిన నా బిడ్డ సమక్షంలో సిగరెట్టు తాగకుండా, తమరి ముద్రతో ఒక ఉత్తర్వు వచ్చే శుక్రవారం లోపల ఇప్పించుట గురించి.

సూచిక: బొంబాయి నుండి గోవాకు ఓడలో మేము జరిపిన కుటుంబ సమేత విహారయాత్ర.

విషయం చదివి తమరు నవ్వుకొని ఈ కాగితం పక్కకు పెట్టే అవకాశం ఉన్నదని నాకు తెలుసు. నేను కూడా ఆ బల్లల వెనుక కూర్చున్నవాణ్నే. పైన రెండు వరుసలు చూసి కాగితం ఏ కట్టలో పడాలో తేల్చేవాళ్లం, కింద ఏమున్నదో ఎవడు చదివాడు. అందువల్ల ముందే మొక్కుకొంటున్నాను, దీన్ని 'ఇతరములు' కట్టలో వేయవద్దు. ఇందులో రెండు ప్రాణాల సంగతి ఉన్నది. వివరములు ఈ దిగువన మనవి చేయుచున్నాను.

1. కరుణ నాకు ఒక్కతే బిడ్డ. మా ఇల్లు తాండూరులో బండలు పాలిష్ చేసే మిషన్ల వెనుక వీధిలో ఉన్నది. ఇటు బండల దుమ్ము, అటు కరణ్‌కోట సిమెంటు ఫ్యాక్టరీ నుండి వచ్చే లారీల దుమ్ము. సదరు కరుణ ఆ దుమ్ములోనే పెరిగి ఆయాసం జబ్బు తెచ్చుకొన్నది. చలికాలం వచ్చిందంటే పిల్ల పడుకోలేక గోడకు ఆనుకొని కూర్చునేది, నేను వీపు రాసేవాణ్ని. ఆ ఊపిరి చప్పుడు విని విని నాకు చెవుల్లో నిలిచిపోయింది. ఇప్పటికీ ఎక్కడన్నా తలుపు కిర్రుమంటే లేచి నిలబడతాను. నిరుడు ఆమెను ఎల్లప్ప గారి కుమారుడు ఈశ్వర్‌కు ఇచ్చి వివాహం జరిపించితిమి. అల్లుడు వికారాబాద్‌లో ఉద్యోగం చేస్తూ మర్పల్లిలో తల్లిదండ్రుల వద్దనే ఉంటున్నాడు. మంచి పిల్లవాడు. అతని మీద ఫిర్యాదు ఏమీ లేదు.

2. కరుణకు నెలలు పెరుగుతుండగా డాక్టరమ్మ పరీక్ష చేసి, పిల్లకు దుమ్ము, పొగ తగలనీయవద్దు, కొద్దిరోజులు మంచి గాలి ఉన్న చోటికి తీసుకొని పొమ్మని చెప్పినది. నా భార్య బీరమ్మ అప్పుడే అన్నది: "గాలి కోసం గంత దూరమెందుకయ్యా? అనంతగిరి గుట్ట ఎక్కితె సరిపాయె. ఎనకట పానం బాగలేనోల్లను గాడికే తోల్కపోయేటోల్లు."

ఆమె మాట వింటే ఈ అర్జీ ఉండేది కాదు. కాని పెళ్లినాడు ఎల్లప్ప గారు నలుగురిలో కూర్చొని, "గొర్లెంబడి దేశమంత తిరిగిన బావా, సముద్రమొక్కటి సూడలే" అని ఒక మాట అనియున్నారు. వియ్యంకుడు నలుగురిలో ఒక మాట అన్నాడంటే పిల్లనిచ్చినవాడు దాన్ని మనసులో పెట్టుకోవలసి ఉంటుంది. తాండూరు స్టేషను దగ్గర టికెట్లు బుక్ చేసే దుకాణం గోడకు తెల్లటి ఓడ బొమ్మ, దాని కింద 'ఫ్యామిలీ క్రూజ్, స్వచ్ఛమైన సముద్రపు గాలి' అని రాసి ఉన్నది. బిడ్డకు గాలీ దొరుకుతుంది, నాకు మాటా దక్కుతుంది అనుకొంటిని. నేను, బీరమ్మ, బిడ్డ, అల్లుడు, ఎల్లప్ప గారు, వారి భార్య కొండమ్మ గారు బయలుదేరినాము.

3. ఇక్కడ మా వైపు పద్ధతి తమరికి చెప్పవలసి ఉన్నది. వియ్యాలవారు వచ్చినప్పుడు మంచినీళ్లు ఇచ్చిన తర్వాత పళ్లెంలో ఆకులు, వక్కలు, బీడీ కట్ట, అగ్గిపెట్టె పెట్టాలి. ఇప్పుడు బీడీ కట్ట పోయి సిగరెట్ పెట్టె వచ్చింది. ప్రయాణంలో పళ్లెం ఉండదు గనుక చేతిలో పెట్టాలి. అవతలివారు "వద్దు బావా, ఇప్పుడే తాగిన" అని చేయి అడ్డం పెడతారు. అది వారి మర్యాద. మనం ఆ చేయి పట్టుకొని బలవంతంగా పెట్టాలి. అది మన మర్యాద. అడగ్గానే తీసుకొన్నవాణ్ని ఆశపోతు అంటారు. ఒక్కసారి వద్దంటే ఊరుకొన్నవాణ్ని పిసినారి అంటారు, వాడి ఇంటికి మళ్లీ ఎవరూ రారు.

కావున సదరు ప్రయాణానికి సరిపడా సిగరెట్ పెట్టెలు అర్జీదారుడే తాండూరులో కొని సంచిలో సర్దుకొన్నాడని ఇందుమూలంగా తెలియజేయుచున్నాను. తమరు విచారణ జరిపిస్తే ఎట్లాగూ బయటపడుతుంది.

ఇంకొక పద్ధతి. వియ్యంకుణ్ని ఒంటరిగా కూర్చోనీయరాదు. ఆయన ఒక్కడే కూర్చొన్నాడంటే మనం అలిగి దూరం జరిగామని అర్థం. ఆయన తాగుతుండగా పక్కవాడు చేతులు కట్టుకొని కూర్చోరాదు, తప్పు పట్టినట్టు ఉంటుంది. నాకు అలవాటు లేకపోయినా నేను కూడా ఒకటి ముట్టించి వేళ్ల మధ్య పట్టుకొనేవాణ్ని. పీల్చలేదు.

4. ఓడ యాజమాన్యం వారి తప్పు రవ్వంత లేదు. పొగ తాగేవారికి పై అంతస్తులో ఒక చోటు కేటాయించి, బొమ్మతో సహా బోర్డు పెట్టినారు. ఎల్లప్ప గారు కట్టుబాటు తప్పే మనిషి కాదు. ఎక్కిన రోజే ఆ చోటు అడిగి తెలుసుకొని నేనే ఆయనను తీసుకొని పోతిని. ఆయన కూర్చొన్నందున నేను కూర్చొంటిని. మేము కూర్చొన్నందున మా ఆడవాళ్లు వచ్చి కూర్చొన్నారు. అందరూ ఉన్నందున అల్లుడు వచ్చాడు, అల్లుడి వెంట నా బిడ్డ వచ్చింది. అంత పెద్ద ఓడ, ఎటు చూసినా ఖాళీ కుర్చీలు, పిల్లల ఈతకొలను, పాటల హాలు, అన్నీ వదిలిపెట్టి మేము కుటుంబ సమేతంగా పొగ తాగే చోటనే మకాం పెట్టితిమి.

మా నాయన జంగప్ప గొర్లు కాసినవాడు. కోత అయిన చేన్లలో మోళ్లు కాలబెట్టే రోజుల్లో గాలి ఎటు కొడుతుందో చూసి మందను ఎటు మళ్లించాలో నాకు చిన్నప్పుడే నేర్పినాడు. ఆ తెలివితో బిడ్డ కుర్చీని గాలి వచ్చే వైపు వేసితిని. భూమి మీద ఆ తెలివి పనికి వస్తుంది. ఓడ ఉన్నచోట ఉండదు గదా. అది కొంచెం మళ్లగానే పొగ తిన్నగా బిడ్డ ముఖానికి వచ్చేది. నేను లేచి కుర్చీ జరిపేవాణ్ని. మళ్లీ ఓడ మళ్లేది. మళ్లీ జరిపేవాణ్ని.

"నాయనా, జర ఒక్కకాడ కూసోరాదే. కాలు గాలిన పిల్లి తీరు తిరుగుతున్నవ్" అని బిడ్డ అన్నది.

"గాలి కోసమొస్తిమి గద బిడ్డా, గాలెటొస్తుందో సూస్తున్న" అంటిని.

తర్వాత ఉపాయం మార్చితిని. బిడ్డను ఏదో ఒక పని చెప్పి అక్కడి నుండి పంపుట. గదిలో ఫోను మరిచిపోయిన, తెచ్చిపెట్టు అంటిని. ఫోను నా అంగీ జేబులోనే ఉన్నది, అది మోగినది. నీళ్ల సీసా తెమ్మంటిని. అమ్మకు శాలువా తెమ్మంటిని. కొండమ్మ గారు చూసి చూసి, "కడుపుతోనున్న పిల్లను ఊకె మెట్లెక్కిస్తవేందన్నా? దానికేమన్న అయితే ఎవలు జవాబు?" అని నన్నే మందలించినది. ఆమె అన్నది న్యాయమే. కూర్చొంటిని.

ఎల్లప్ప గారు ఒక దమ్ము లాగి, దగ్గి, మిగతాది వేళ్ల మధ్యనే కాలనిచ్చేవారు. అది ఆరిపోవచ్చేసరికి నేను పెట్టె చాపేవాణ్ని. ఆయన చేయి అడ్డం పెట్టేవారు. నేను ఆ చేయి తీసేవాణ్ని. ఖాళీ చేతితో కూర్చోబెడితే లోపం నాది అవుతుంది. పెట్టె చాపే చేయి ఒకటి, కుర్చీ జరిపే చేయి ఒకటి, ఈ విధంగా ఓడలో నా సమయం గడిచినది.

5. రెండో దినం మధ్యాహ్నం భోజనం తర్వాత నాకు ఓపిక నశించినది. ఓడలో పళ్లేలు తీసే పిల్లవాడు ఒకడు మంగళూరు వైపు వాడు. మా తాండూరులో కన్నడం చెవిన పడకుండా రోజు గడవదు గనుక అంతో ఇంతో మాట్లాడగలను. వాణ్ని స్తంభం చాటుకు పిలిచి, మా పెద్దాయనను మీ ఓడ నియమం అని చెప్పి జర ఆపు నాయనా, నా పేరు చెప్పకు అని బతిమాలితిని. అది పొగ తాగే చోటే గదా సార్ అని వాడన్నాడు. గర్భవతి ఉన్నది, ఏదో ఒకటి చెప్పు అంటిని. వాడు దయగల పిల్లవాడు. వచ్చి వంగి, ఎల్లప్ప గారితో మెల్లగా, "ఇల్లి సేదబేడి సార్" అని, ఇక్కడ తాగవద్దన్నట్టు చేతితో చూపించాడు.

ఎల్లప్ప గారి ముఖం చిన్నబోయింది. వెంటనే సిగరెట్టు నలిపేసినారు. మందలో ముందు నడిచే పెద్దమనిషి, నలుగురి మధ్య ఒక పిల్లవాడు చెయ్యెత్తి వద్దనేసరికి తల దించుకొన్నారు. అది చూసేసరికి నాకు ఏమైనదో తెలియదు. లేచి ఆ పిల్లవాడి మీదనే గట్టిగా అరిచితిని.

"ఎవరనుకుంటున్నవ్ రా? మా ఇయ్యంకుడు. పైసలిచ్చి ఎక్కినోల్లం. తాగే కాడ తాగొద్దని ఏ రూల్ల ఉన్నది, సూపియ్యి."

పిలిచినది నేనే, తిట్టినది నేనే. వాడు నా వైపు చూసిన చూపు నాకు ఇంకా కళ్లలో ఉన్నది. ఓడ దిగేటప్పుడు వాణ్ని వెతికితిని, కనబడలేదు. తరువాత నేను ఏమి చేసితినో అది కూడా రాయక తప్పదు. వియ్యంకునికి జరిగిన అవమానం పోగొట్టుటకు కొత్త పెట్టె విప్పి ఇచ్చితిని.

6. అదే దినం పొద్దు గూకే వేళ. ఎల్లప్ప గారు సముద్రంలో పొద్దు మునుగుట చూడవలెనని ముచ్చటపడినారు. అందరం అదే చోట చేరితిమి. ఆ పూట అక్కడ వేరే జనం కూడా మస్తుగా ఉన్నారు, గాలి ఆగిపోయి ఉన్నది. బిడ్డ రెండుసార్లు గొంతు సవరించుకొన్నది. మూడోసారి నాకు ఆ చప్పుడు వినబడినది. తమరికి చెప్పితిని గదా, ఆ చప్పుడు నాకు తెలుసు. చూసేసరికి బిడ్డ భుజాలు లేస్తున్నవి, పెదవులు రంగు మారినవి. ఒక చేయి కుర్చీ మీద, ఒక చేయి పొట్ట మీద.

ఇన్‌హేలర్ గదిలో ఉన్నది. అల్లుడు బిడ్డను పట్టుకొన్నాడు, నేను ఉరికితిని. ఓడలో అన్ని తలుపులూ ఒక్క తీరే ఉంటవి. ఒక అంతస్తు దిగి ఏ దిక్కు పోవలెనో తెలియక ఎవరిదో తలుపు బాదితిని, ఎవరో తెల్లవాళ్లు బయటికి వచ్చి ఏమో అడిగినారు. నాకు తెలుగు కూడా రాలేదు. మళ్లీ పైకి, మళ్లీ కిందికి. నేను తెచ్చేలోపల ఓడలోని డాక్టరు వద్దకు ఎత్తుకొని పోయి ముక్కుకు ఆవిరి పెట్టినారు. బిడ్డ తేరుకొన్నది. ఇంకొంచెం ఆలస్యమైతే లోపలి ప్రాణానికి గాలి అందేది కాదని డాక్టరు చెప్పినట్టు అల్లుడు చెప్పినాడు.

ఎల్లప్ప గారు డాక్టరు గది బయట తలుపు పట్టుకొని నిలబడియున్నారు. "బావా, పిల్ల మంచిగుంటదా?" అని అడుగుతున్నారు తప్ప వేరే మాట లేదు. నేను ఆయనను పట్టుకొని పైకి తీసుకొని పోయి, ధైర్యం చెప్పి, సిగరెట్టు చేతిలో పెట్టి, లైటరు నేనే వెలిగించితిని. పెద్దమనిషి అంత పరేషాన్‌లో ఉంటే ఊరికే ఎట్లా నిలబెట్టేది. ఈ అంశం ఎందుకు రాయుచున్నానో నాకే తెలియదు. అవసరం లేదనుకొంటే తమరు కొట్టివేయవచ్చును.

7. ప్రస్తుత పరిస్థితి. వచ్చే శుక్రవారం మర్పల్లిలో మా బిడ్డకు శ్రీమంతం. చుట్టాలందరూ వస్తారు. వానాకాలం గనుక అందరూ లోపలి గదిలోనే కూర్చుంటారు. పిల్లను మధ్యలో కూర్చోబెడతారు. మగవాళ్లు గోడ పొడుగునా కూర్చుంటారు. పిల్లనిచ్చినవాణ్ని గనుక నేను పళ్లెం పట్టుకొని పోవాలి. ముందుగా ఎల్లప్ప గారికి పెట్టాలి. ఆయన ముట్టిస్తే అందరూ ముట్టిస్తారు, ఆయన ముట్టించకపోతే ఎవరూ ముట్టించరు, ఆయన మాట అంత నడుస్తుంది. మళ్లీ ఓడలో వచ్చినట్టు ఆయాసం వస్తే ఈసారి తట్టుకొనుట కష్టమని డాక్టరమ్మ బిడ్డ ముందు చెప్పలేదు, నాకు విడిగా చెప్పినది. ఆ మాట విన్నప్పటి నుండి నాకు ఒకచోట కాలు నిలవడం లేదు. తాండూరు బజారులో పోయిన దారినే మళ్లీ మళ్లీ పోతున్నాను.

8. ఆయనకు నేనెందుకు చెప్పరాదని తమరు అడుగవచ్చును. బీరమ్మ కూడా అడిగినది. "నోరున్నది గద, నీకు చేతగాకుంటె నేనడుగుత" అన్నది. ఒట్టు పెట్టి ఆపితిని. పిల్లనిచ్చినవాడు వియ్యంకుని అలవాటుకు వంక పెట్టినాడంటే మర్పల్లి నుండి తాండూరు దాకా చెప్పుకొంటారు. అది అల్లుడు పడాలి, ఆ తర్వాత బిడ్డ పడాలి. సచ్చేదాకా ఆ ఇంట్లో ఉండవలసినది నేను కాదు గదా.

9. తమరి వద్దకే ఎందుకు వచ్చితినంటే, సముద్రం తమరి పరిధిలోకి రాదని నాకు తెలుసు. ఎల్లప్ప గారు వస్తారు. గొర్లకు కడుపులో పురుగులు పోవుటకు నట్టల మందు పోసే కార్యక్రమంలో ఒకప్పటి కలెక్టరు గారు ఆయనకు శాలువా కప్పిన ఫోటో వారి ఇంట్లో దేవుళ్ల పటాల పక్కన ఉన్నది. రోజూ రెండింటికీ ఒకే ఊదుకడ్డీ తిప్పుతారు. కలెక్టరు ముద్ర ఉన్న కాగితం వచ్చిందంటే ఆయన చెప్పులు విడిచి చదివించుకొంటారు. అందులో అవమానం ఉండదు. సర్కారు చెప్పింది, విన్నాను అంటారు. ఊరు కూడా ఒప్పుకొంటుంది.

తమరికి శ్రమ లేకుండా ఉత్తర్వు నమూనా నేనే తయారు చేసితిని: "మర్పల్లి మండలం, ఎల్లప్ప గారికి తెలియజేయునది ఏమనగా, గర్భవతులు ఉన్న ఇండ్లలో తాము సిగరెట్టు తాగరాదు. తమ వంటి పెద్దలు ఆదర్శంగా నిలువవలెనని ప్రభుత్వం ఆశించుచున్నది." చివరి వాక్యం తప్పక ఉండవలెను. దానికే ఆయన కరుగుతారు. నర్సప్ప అర్జీ పెట్టినాడని మాత్రం ఎక్కడా రాయకూడదు. బయటపడితే నేను తాండూరులో ఉండలేను, మర్పల్లికి పోలేను.

కావున తమరు పెద్ద మనసుతో నా బిడ్డ ఊపిరిని, పుట్టబోయే ప్రాణాన్ని దృష్టిలో ఉంచుకొని, శుక్రవారం పొద్దుటికల్లా సదరు కాగితం మర్పల్లి చేరేటట్టు ఏర్పాటు చేయించగలరని వేడుకొనుచున్నాను. దీనిని ఒక తండ్రి పడుతున్న కంగారుగా భావించి చిత్తగించవలెను.

ఇట్లు,
తమ విధేయుడు,
నర్సప్ప

తా.క.: పై అర్జీ పూర్తి చేసి, సంతకం పెట్టి, తమరి కార్యాలయం వరండాలో టోకెను పట్టుకొని కూర్చొనియుండగా జరిగిన సంగతి తమరికి చెప్పకుండా ఉండుట న్యాయం కాదు గనుక ఈ కింద రాయుచున్నాను.

ఈ దినం బిడ్డ పరీక్షకు వికారాబాద్ వచ్చియున్నది. నేను పింఛను పని మీద ఈ కార్యాలయానికి వచ్చితినని చెప్పియుంటిని. ఆసుపత్రి నుండి నేరుగా వచ్చి నా పక్కన బెంచీ మీద కూర్చొని, నేను చేయి అడ్డం పెట్టేలోపల కాగితం లాగుకొని చదివినది. మొదలు నవ్వినది. ఆరో అంశం దగ్గర నవ్వు ఆపినది. చివరిదాకా చదివి కాగితం ఒళ్లో పెట్టుకొని నా వైపు తిరిగినది.

"నాయనా, మామ ఇంట్ల సిగరెట్టు తాగంగ నేనొక్క దినం సూడలే."

"నాకు జెప్తున్నవా? ఓడల సూడలేదా నువ్వు?"

"ఓడల నువ్వియ్యంగ తాగిండు. మర్పల్లికి నువ్వొచ్చిననాడు తాగుతడు. నువ్వు పోంగనె ఊకుంటడు."

"మరి నాకెందుకు జెప్పలే?"

"నువ్వు సుత ఒకటి ముట్టించి పట్టుకుంటివి. నీకే తాగబుద్ధైతుందేమో, మామ పేరు మీద తాగుతున్నవేమో అనుకున్న. ముసలితనంల కొత్తగ మొదలువెట్టిండు, నలుగుర్ల అడిగి ఎందుకు ఇజ్జత్ తియ్యాలె అని ఊకున్న."

నేను నమ్మలేదు. బిడ్డ ఫోను తీసి మామకు కలిపి, మాట బయటికి వినబడేటట్టు పెట్టి, నన్ను మాట్లాడవద్దని నోటి మీద వేలు పెట్టి చూపినది. ఎల్లప్ప గారు ఎత్తినారు.

"ఆఁ బిడ్డా, డాక్టరమ్మ ఏమన్నది? పానం మంచిగున్నదా?"

"మంచిగున్న మామా. ఒక ముచ్చటడుగుత. నువ్వు సిగరెట్లు ఎప్పుడిడిసినవ్?"

"గదెందుకొచ్చింది గిప్పుడు? మీ పెండ్లికి ముందే ఇడిస్తిని. దగ్గుతోని సస్తుంటె డాక్టరు తిట్టిండు."

"మరి మా నాయనిస్తె తాగుతవు గద."

ఆయన ఫోనులోనే దగ్గినారు. ఆ తర్వాత అన్నారు:

"ఏం జెయ్యమంటవ్ బిడ్డా. పిల్లనిచ్చినోడు గంత పావురంగ, ప్రేమతోని చేతుల వెడ్తడు. వద్దంట. మల్ల వెడ్తడు. మల్ల వద్దంట. నా చెయ్యి గట్టిగ వట్టుకొని మరీ వెడ్తడు. ఆయన చెయ్యి తోసేస్తే ఏం మర్యాద? ఓడల అయితే నన్ను తాగే కాడికే తోల్కపోయి కూసోవెట్టిండు. గా పిలగాడొచ్చి వద్దంటె, హమ్మయ్య బతికిన అనుకొని నలిపేస్తిని. మీ నాయన గా పిలగాని మీద్కి పోయి కొత్త పెట్టె ఇప్పిండు. నీకు ఆయాసమొచ్చిననాడు నాకు సముద్రంల దుంకబుద్ధైంది బిడ్డా. నా పొగతోనే అయిందని. గప్పుడు సుత మీ నాయన చేతుల వెట్టి ముట్టియ్యవట్టె."

"మరి శుక్రారం ఎట్ల మామా?"

"గదే నాకు ఫికరున్నది. నువ్వొక పని జెయ్యి. ఆయన పళ్లెం పట్టుకోని వస్తున్నడంటె నేను ముందుగాల్నే వాకిట్లకు పోత. గోడవతల నిలవడి ఒకటి తాగుత, ఆయన పానం నిమ్మలమైతది. నువ్వు లోపల్నే ఉండు, కిటికీలు మూసి పెట్టుకో. గని బిడ్డా, గిది మీ నాయనకు జెప్పకు. నొచ్చుకుంటడు."

బిడ్డ సరే మామా అని ఫోను పెట్టేసినది. నాకు సిగ్గయింది అయ్యా. ఇన్నాళ్లు ఆ మనిషి నిజంగా వద్దంటున్నాడు. నేను అది మర్యాదకు అంటున్నాడనుకొని చేయి పట్టుకొని పెడుతూ వచ్చితిని. బిడ్డ గొంతుకు అడ్డం పడిన పొగ ఎక్కడి నుండి వచ్చిందో వెతుక్కుంటూ ఓడంతా తిరిగితిని, అది నా సంచిలోనే ఉన్నది.

కావున పై అర్జీలో 'ఎల్లప్ప తాగరాదు' అని ఉన్న ప్రతిచోటా 'నర్సప్ప పెట్టరాదు' అని దిద్దుకొని చదువుకొనవలెను.

అర్జీ వెనుకకు తీసుకొనుట లేదు. కాగితం ఇప్పుడే నాకు ఎక్కువ అవసరం. నాకు సంగతి తెలిసినట్టు ఎల్లప్ప గారికి తెలియరాదు, ఆయన కూడా నొచ్చుకొంటారు. పళ్లెంలో పెట్టె లేకుండా ఊరికే పోతే చుట్టాలందరూ చూస్తారు. తమరి కాగితం చేతిలో ఉంటే, "ఏం జెయ్యాలె బావా, సర్కారు నాకు బంద్ జేసింది" అని చూపించుకొంటాను. ఆయన "అయ్యో, గట్లనా" అంటారు. వియ్యంకులం ఇద్దరం బతుకుతాం, బిడ్డతో, కడుపులోని ప్రాణంతో కలిపి నలుగురం బతుకుతాం. ఉత్తర్వు నా పేరు మీదనే ఇప్పించవలెను. ఆదర్శంగా నిలువవలెనన్న వాక్యం నాకు అక్కరలేదు.

సాయంత్రం బిడ్డను మర్పల్లిలో దింపాలి. వియ్యంకుని ఇంటికి ఒట్టి చేతులతో పోరాదని పొద్దున స్టేషను దగ్గర ఒక పెట్టె కొని జేబులో పెట్టుకొంటిని. ఇప్పుడే బిడ్డ నా జేబులో చేయి పెట్టి దాన్ని తీసి, ఈ కాగితానికి దారంతో కట్టినది. దాని చేయి గట్టి చేయి, నేను ఆపలేకపోతిని. నా టోకెను పిలుస్తున్నారు.

జతపరచినది: సిగరెట్ పెట్టె ఒకటి, విప్పనిది. నేను ఎంత అడిగినా తిరిగి ఇవ్వకూడదు.